రేడియోలో రెండో గొంతు

4, మంగళవారం

ఇది షాపులో బండ్ల ఫిర్యాదులు రాసుకునే పుస్తకం. ముందువైపు నుంచి ఊళ్లోవాళ్ల కార్లు రాస్తాను. ఇది ఇంటి కారు కాబట్టి పుస్తకం తిరగేసి చివరి పేజీ నుంచి మొదలుపెడుతున్నాను. ఇటువైపు ఎవరూ చూడరు. చూసినా నా రాత నాకే సరిగ్గా అర్థం కాదు.

బండి: ఇంటి కారు.
ఫిర్యాదు: రేడియో సరిగ్గా రావడం లేదు.
చెప్పినది: మా ఆవిడ.
ఎక్కడ:
ఎప్పుడు: మధ్యాహ్నం మూడింటికి, ఉత్తరాల కార్యక్రమంలో.
ఎంతకాలం నుంచి:

ముప్పై ఏళ్లుగా కార్ల కరెంటు పని చేస్తున్నాను. ఎక్కడ, ఎప్పుడు, ఎంతకాలం నుంచి అని మూడు ప్రశ్నలు అడగనిదే ఎవరి కారు మీదా చెయ్యి వేయను. సగం రోగం ఆ జవాబుల్లోనే దొరుకుతుంది. ఇంట్లో మనిషే కదా, రెండు ఖాళీలూ తర్వాత నింపుకోవచ్చు.

"ఏమండీ, ఊళ్లోవాళ్ల కార్లన్నీ వింటారు. నా కారు గోడు ఎప్పుడైనా విన్నారా?" అంది పొద్దున టీ గ్లాసు చేతికిస్తూ.

"ఏమైంది దానికి?"

"రేడియో గరగరమంటోంది. ఆ ఉత్తరాలు చదివే ఆవిడ సగం ఉత్తరంలో ఉండగానే మాయమైపోతోంది."

"చూస్తాలే."

"చూడండి. బాగా చూడండి."

బాగా అన్న మాట నొక్కి అంది.

ఒక సంగతి. ఆవిడకు బడి లైబ్రరీలో పని రెండున్నరకే అయిపోతుంది. మూడింటికల్లా ఇంట్లో ఉండాల్సిన మనిషి మూడింటి కార్యక్రమం కారులో ఎందుకు వింటున్నట్టు? ఆ, పుస్తకాల తనిఖీ. మంగళ, శుక్రవారాలు తనిఖీ ఉంటుందని, ఆలస్యమవుతుందని నెల కిందటే చెప్పింది. మధ్యలో కాసేపు కారులో కూర్చుని వింటోంది కాబోలు.

5, బుధవారం

ఆవిడ ఇవాళ బడికి బస్సులో వెళ్లింది. కారు షాపు ముందు నిలబెట్టి రేడియో పెట్టాను. గొంతు గంటలా ఉంది. ఏరియల్ కడ్డీ విప్పి, మరలు గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ బిగించాను. ఇంజన్ స్టార్ట్ చేసి విన్నాను. కారు చుట్టూ ప్రదక్షిణ చేశాను. పక్క టైర్ల షాపు బాబాయ్ స్టూలు మీద కూర్చుని అంతా చూస్తున్నాడు.

"రేడియో బాగానే పాడుతోంది కదరా, మరి నువ్వెందుకు ఏడుస్తున్నావు?" అన్నాడు.

ఏడవడం లేదు. పని చేస్తున్నాను. ఈ బాబాయ్‌కి గాలి పట్టడం తప్ప ఇంకేం తెలియదు.

7, శుక్రవారం

మళ్లీ అదే ఫిర్యాదు. ఈసారి కొత్త సంగతి చెప్పింది. గరగర ఒక్కటే కాదట. ఉత్తరాలావిడ గొంతు తగ్గిపోయి దానిమీద ఇంకెవరో మగమనిషి గొంతు వస్తోందట. అతను మాట్లాడేది మన భాష కాదట.

"ఏ భాష?"

"నాకేం తెలుసండీ. గడగడా మాట్లాడేస్తాడు. వార్తలో, వాతావరణమో."

అర్థం కావడం లేదు.

8, శనివారం

నిన్నటి నుంచి దీని గురించే ఆలోచన. ఏరియల్ తెగిపోతే గొంతు నీరసపడుతుంది. వైరు ఊడితే గరగరమంటుంది. ఇంజన్ నుంచి రొద దూరితే కీచుమంటుంది, యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ ఆ కీచు పెరుగుతుంది. ఇవన్నీ నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కానీ రేడియో పాడైతే ఉన్న గొంతు పోతుందే గాని కొత్త గొంతు పుట్టదు. ఒకే నంబరు మీద దూరపు స్టేషన్ ఇంకొకటి ఉండి, కారు మన టవరుకు చాటుగా ఉన్న చోటికి వెళితే తప్ప రాదు.

బడి టవరుకు చాటున లేదు. బడి డాబా మీద నిలబడితే టవరు మొత్తం కనిపిస్తుంది.

కాబట్టి లోపం రేడియో పెట్టెలోనే ఉండాలి. పెట్టె బయటికి లాగి ఏరియల్ వైరు కొత్తది వేశాను. ఆవిడ ఫోన్ చార్జర్ పీకేసి డ్రాయర్‌లో పెట్టాను. చౌక చార్జర్లు రేడియోని నానా తిప్పలు పెడతాయి. ఇక సరిపోతుంది.

9, ఆదివారం

ఇంటి నుంచి బడికి, బడి నుంచి ఇంటికి మూడుసార్లు తిరిగాను, రేడియో పెట్టుకుని. ఒక్క అక్షరం కూడా తప్పలేదు.

11, మంగళవారం

వచ్చింది, మగ గొంతు. కొత్త వైరు వేశాక కూడా. చార్జర్ తీసేశాక కూడా.

సాయంత్రం కారు పక్కకు తీసి పెడుతూ మీటరు చూశాను. చూడాలని చూడలేదు, ఎదురుగా ఉంటే కళ్లు పడ్డాయి. పొద్దున కన్నా నలభై ఒక్క కిలోమీటర్లు ఎక్కువ ఉంది. బడికి పోయి రావడానికి పద్దెనిమిది.

రోడ్డు తవ్వి ఉంటారు. చుట్టూ తిరిగి వచ్చి ఉంటుంది.

12, బుధవారం

రోడ్డు తవ్వలేదు.

13, గురువారం

అలమారలో నికార్సయిన పాత పెట్టె ఒకటి ఉంది. నా లెక్కలో దానిని మించిన రేడియో ఈ ఊళ్లో లేదు. అది తెచ్చి ఇంటి కారులో బిగించాను. ఆవిడ పెట్టెను బల్ల మీద పెట్టి పొద్దంతా మోగించాను. అది కూడా శుభ్రంగా పాడింది. టైర్ల బాబాయ్ రెండు పెట్టెలనూ చూశాడు, నన్నూ చూశాడు.

"ఎవరి కారురా?"

"మా ఆవిడది."

"ఏమంటోంది?"

"రేడియో బాగా లేదంటోంది."

"అంతేనా, ఇంకేమైనా అంటోందా?"

ఈ మనిషికి పని తక్కువ, ప్రశ్నలు ఎక్కువ.

14, శుక్రవారం

పాత పెట్టెలోనూ అతనే మాట్లాడాడట. "ఇవాళ మరీ స్పష్టంగా వచ్చాడండీ, పక్క సీట్లో కూర్చున్నట్టు" అంది. ఆ మాట అంటూ నా కళ్లలోకి చూసింది. నేను కారు కింద టార్చి వేస్తున్నట్టు వంగాను.

మీటరు: నలభై ఒకటి.

వెనక సీటు కింద నల్లటి రబ్బరు తొడుగు ఒకటి దొరికింది. కుర్చీ కాళ్లకు తొడిగేలాంటిది, కొంచెం అరిగింది. లైబ్రరీ కుర్చీది అయి ఉంటుంది. లైబ్రరీ కుర్చీది కారు వెనక సీట్లోకి ఎందుకు వస్తుంది? పుస్తకాల కట్టలతో పాటు వచ్చి ఉంటుంది. మల్టీమీటరు ఉండే సొరుగులో పడేశాను. కారులో నొప్పుల మందు వాసన కూడా వేస్తోంది. తనిఖీ కదా, ఎత్తడం దించడం, నడుము పట్టేసి ఉంటుంది.

అడగాలి. నడుము ఎలా ఉందని అడగాలి.

15, శనివారం

అడగలేదు.

17, సోమవారం

డ్రైవింగ్ స్కూల్ మేడమ్ వచ్చింది. ఆవిడ కారు హారన్ దానంతట అదే మోగుతోందట. నేర్చుకునేవాళ్లు బెదిరిపోయి బ్రేకు బదులు ఇంకేదో తొక్కుతున్నారట. ఎక్కడ మోగుతుంది అని అడిగాను. "గుండ్రంగా తిరిగే కూడలి దగ్గర, ఎడమకు తిప్పినప్పుడు" అంది. స్టీరింగ్ కింద మూత విప్పాను. ఎడమకు తిప్పితే ఇనుముకు రాసుకునే వైరు ఒకటి ఉంది, దాని తోలు ఊడిపోయింది. టేపు చుట్టాను. పది నిమిషాలు. మేడమ్ వెళ్లిపోయాక బాబాయ్ ట్యూబు నీళ్లలో ముంచి తిప్పుతూ అన్నాడు:

"ఆవిణ్ణి ఒక్క మాట అడిగావు, పని తేలిపోయింది. ఇంటావిణ్ణి రెండు వారాలుగా ఏమీ అడగడం లేదు. ఎందుకురా?"

"ఇంటి విషయం వేరు బాబాయ్."

"వేరెందుకు? కారు కారే కదా. ఎక్కడ బుడగ వస్తే అక్కడ చిల్లు. నువ్వు ట్యూబు ముంచకుండా గాలి కొడుతూ కూర్చున్నావు."

నాకు కోపం వచ్చింది. వచ్చిన కోపం బాబాయ్ మీద కాదని తెలిసి ఇంకా వచ్చింది. అడిగితే చెబుతుంది. ఆవిడ అబద్ధం చెప్పే మనిషి కాదు. అందుకే అడగడం లేదు. నాకు భయంగా ఉంది. ఇరవై నాలుగేళ్ల కాపురంలో ఎప్పుడూ ఇలా లేదు. మంగళవారం, శుక్రవారం ఇరవై మూడు కిలోమీటర్లు నాకు తెలియని చోటికి వెళ్లి వస్తోంది. అక్కడ ఎవరున్నారు?

రాశాను. ఇక దీన్ని కొట్టేయను.

18, మంగళవారం

షాపు మూసి స్కూటర్ మీద బడి దగ్గరికి వెళ్లాను. కిటికీ అద్దాలు కొనే పని ఉంది, ఆ దారే. రెండున్నరకు బడి గేటు దగ్గర ఆగాను. తనిఖీ అన్న మనిషి రెండు ముప్పై ఐదుకే కారు తీసింది. ఇంటికి కుడివైపు తిరగాలి. ఎడమకు తిరిగింది.

నీళ్ల ట్యాంకు దాకా వెనకే వెళ్లాను. అక్కడ స్కూటర్‌లో పెట్రోలు తక్కువగా ఉన్నట్టు అనిపించి ఆగిపోయాను. అద్దాలు కొనలేదు.

సాయంత్రం ఆవిడ మామూలుగానే వచ్చింది. "ఇవాళ కూడా అతనే" అంది. నేను సరే అన్నాను.

19, బుధవారం

స్కూటర్‌లో పెట్రోలు సగం ట్యాంకు పైనే ఉంది.

20, గురువారం

ముందు గదిలో గోడ గడియారం నడుస్తోంది. రెండేళ్లుగా ఏడూ పదికి ఆగి ఉన్న గడియారం. నన్ను బాగు చేయమని చెప్పి చెప్పి ఆవిడ మానేసింది. టిక్కు టిక్కుమంటుంటే ముందు కారులో ఏదో రిలే స్విచ్చు కొట్టుకుంటోందేమో అనుకుని కిటికీలోంచి తొంగి చూశాను.

"గడియారం ఎవరు బాగు చేశారు?"

"తెలిసినవాళ్లు" అంది. ఎవరని అడుగుతానేమోనని ఆగింది. నేను కిందికి వెళ్లి చెప్పులు సర్దాను.

21, శుక్రవారం

కారు దిగుతూ తాళాలు నా చేతిలో పెట్టింది. "ఏమండీ, బాగు చేస్తే నెలాఖరులోగా చెయ్యండి. ఆ తర్వాత ఇక అక్కర్లేదు" అంది.

22, శనివారం

నెలాఖరు తర్వాత అక్కర్లేదు.

రేడియో అక్కర్లేదా? కారు అక్కర్లేదా? నేను అక్కర్లేదా?

ఆవిడ స్నానానికి వెళ్లినప్పుడు బీరువా తెరిచి చూశాను. చీరలన్నీ ఉన్నాయి. మంచం కింద పెట్టె దుమ్ము పట్టి ఉంది. సిగ్గనిపించింది. దుమ్ము మీద నా వేళ్ల గుర్తులు పడ్డాయి, తుడిస్తే మొత్తం తుడవాలి, తుడిచాను. ఇప్పుడు పెట్టె ప్రయాణానికి సిద్ధంగా ఉన్నట్టు మెరుస్తోంది.

ఈ పనికిమాలిన పెట్టెలతో తలకాయ తిరుగుతుంటే చిన్నప్పటి సంగతి గుర్తొచ్చింది. అప్పుడు మా ఇంట్లో ఉన్న రేడియోకి డాబా మీద తీగ ఎత్తి పట్టుకుంటే తప్ప వచ్చేది కాదు. అక్క డాబా మీద నిలబడేది. నేను లోపల రేడియో దగ్గర కూర్చుని అరిచేవాణ్ణి. ఇంకొంచెం పక్కకి. అక్కడే ఉండు. కదలకు. నాటకం అయ్యేవరకూ ఎండలో అలాగే ఉండేది. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. నేను ఈ పనిలోకి రావడానికి ఆ తీగే కారణం.

ఈ సంగతి ఇక్కడ ఎందుకు రాశానో తెలియదు. అక్కతో మాటల్లేవు.

23, ఆదివారం

పని చేసే పద్ధతిలో చేద్దామనుకున్నాను. కారు విప్పడం ఆపేసి, మూడింటికి రేడియో పెట్టుకుని, ఊళ్లోంచి బయటికి పోయే దారులు ఒక్కొక్కటే తిరిగాను. స్టేషన్ రోడ్డు, బాగుంది. మిల్లు రోడ్డు, బాగుంది. చివరికి నీళ్ల ట్యాంకు దాటి వెళ్లే రోడ్డు. అది చివరికి ఎందుకు ఉంచుకున్నానో నాకు తెలుసు.

ఆ రోడ్డు గుట్ట చుట్టూ తిరుగుతుంది. టవరు గుట్టకు ఇవతల ఉంది. మలుపు తిరగ్గానే ఉత్తరాలావిడ గొంతు ఊగింది. రెండు కరెంటు స్తంభాలు దాటేసరికి గరగర. ఇంకో రెండు దాటగానే అతను వచ్చాడు. గడగడా, మనది కాని భాషలో, పక్క సీట్లో కూర్చున్నట్టు.

కారు ఆపాను. రేడియోలో ఏ లోపమూ లేదు. ఎప్పుడూ లేదు. ఎనిమిదో తారీఖు నుంచి నాకు ఆ సంగతి తెలుసు.

ఆపిన చోట వరసగా చిన్న ఇళ్లు. మూడో ఇంటి గోడకు చేత్తో రాసిన బోర్డు: గడియారాలు, చేతి వాచీలు బాగుచేయబడును. అరుగు మీద ముసలివాళ్లు పట్టుకుని నడిచే ఇనప స్టాండు ఉంది, నాలుగు కాళ్లది. మూడు కాళ్లకు నల్ల రబ్బరు తొడుగులు. నాలుగో కాలికి గుడ్డ చుట్టి దారంతో కట్టారు.

వాచీల మనిషి. అక్క మొగుడు. వాళ్లు గుట్ట అవతలికి మారారని ఎవరో అంటే ఒకసారి విని విననట్టు ఊరుకున్నాను.

కారు వెనక్కి తిప్పాను.

24, సోమవారం

ఏమీ రాయను.

25, మంగళవారం

పొద్దున ఆవిడ కారు తాళాలకు చెయ్యి చాపింది. ఇవ్వలేదు.

"రేడియో లోపం దొరికింది" అన్నాను.

"ఎక్కడ?" అంది.

నా ప్రశ్న నన్నే అడిగింది.

"గుట్ట వెనక."

భుజాన ఉన్న సంచి దించి కుర్చీలో కూర్చుంది. చాలాసేపటి నుంచి మోస్తున్న బరువు దించినట్టు కూర్చుంది.

"మూడు వారాలు పట్టింది మీకు. వైరు మార్చారు, పెట్టె మార్చారు, పాపం ఆ చార్జర్‌ని కూడా పీకేశారు. ఒక్కసారి ఎక్కడ అని అడిగితే ఏం పోయేది?"

"నువ్వే చెప్పొచ్చుగా."

"వదిన ఒట్టు వేయించుకుంది. నా సంగతి వాడికి ఒక్క ముక్క చెప్పినా నా మీద ఒట్టే అంది. చెప్పలేదు. వదిన సంగతి ఒక్క ముక్క కూడా చెప్పలేదు నేను. రేడియో సంగతి చెప్పాను. దానికి ఒట్టు లేదుగా."

అప్పుడు మొత్తం చెప్పింది. రెండు నెలల కిందట అక్క మెట్ల మీద జారిపడి తుంటి ఎముక విరిగిందట. ఆపరేషన్ అయిందట. అన్నయ్య, అంటే వాచీల మనిషి, ఒక్కడే చూసుకోలేక లైబ్రరీకి వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడట, లోపలికి రాకుండా. అప్పటి నుంచి వారానికి రెండుసార్లు ఈవిడ వెళ్లి స్నానం చేయించి, తల దువ్వి, ఆస్పత్రికి వెళ్లాల్సి ఉంటే వెనక సీట్లో పడుకోబెట్టి తీసుకెళ్లి తీసుకొస్తోంది.

"నెలాఖరు తర్వాత అక్కర్లేదు అన్నావు."

"ఆదివారం వెళ్లిపోతున్నారు. అన్నయ్యగారి మొదటి భార్య కూతురు ఉందిగా, ఆ అమ్మాయి దగ్గరికి. రైల్లో రెండు రోజుల దూరం. మెట్లు లేని ఇల్లట. ఇక ఇటు రారు."

గోడ గడియారం టిక్కుమంటోంది.

"నువ్వు వెళ్లిపోతున్నావనుకున్నాను" అన్నాను.

"ఎక్కడికి?"

"తెలియదు. ఎక్కడికో."

"ఈ వయసులో కొత్త మొగుణ్ణి వెతుక్కునే ఓపిక నాకెక్కడుందండీ" అని నవ్వింది. నా మొహం చూసి నవ్వు ఆపేసింది. లేచి వచ్చి నా పక్కన నిలబడింది. "అందుకేనా పెట్టె తుడిచారు? నేనేమో ఈయనకు ఉన్నట్టుండి శుభ్రం పట్టుకుందేమిటా అనుకున్నా" అంది.

తాళాలు ఇచ్చాను. "నువ్వు వెళ్లు. నేను శుక్రవారం వస్తాను" అన్నాను.

26, బుధవారం

ఆరేళ్ల కిందట అన్న మాట ఒకసారి రాసి చూసుకుంటాను. ఎవరికీ చెప్పుకోలేదు.

అక్కకు నలభై తొమ్మిదేళ్లప్పుడు పెళ్లి చేసుకుంటానంది. రిజిస్ట్రార్ ఆఫీసు మెట్ల మీద నేను అక్కను నిలదీశాను. అప్పుడతను అక్కడే ఉన్నాడు, చేతిలో రెండు పూలదండలతో. "నువ్వు నాకు అక్కవి కాదు, అమ్మవి అనుకున్నాను. అమ్మ పెళ్లి చేసుకుంటుందా? నలుగురూ నవ్వరా?" అన్నాను. అక్క నా కాలర్ మడత సరిచేసి "భోజనం చేసి వెళ్లరా" అంది.

చేయలేదు. వచ్చేశాను. నలుగురు నవ్వుతారన్నాను గాని ఎవరూ నవ్వలేదు. నన్ను వదిలేసి ఇంకో ఇంటికి వెళుతోందని నాకు కడుపు మండింది, అంతే. నలభై ఏళ్ల వాణ్ణి, పెళ్లయినవాణ్ణి, చిన్నపిల్లాడిలా ఏడ్చాను స్కూటర్ మీద. ఆ ఏడుపు అక్కకు తెలియదు. ఆ మాట మాత్రం తెలుసు.

27, గురువారం

సొరుగులోంచి రబ్బరు తొడుగు తీసి కడిగాను.

28, శుక్రవారం

ఆవిడ బడికి సెలవు పెట్టింది. పన్నెండింటికి బయల్దేరాం, ఆవిడ నడిపింది, నేను పక్క సీట్లో కూర్చున్నాను. గుట్ట మలుపు తిరగ్గానే రేడియో గరగరమంది. చెయ్యి దానంతట అదే బటన్ మీదికి పోయింది. ఆవిడ నా చెయ్యి తీసి ఒళ్లో పెట్టింది.

తలుపు వాచీల మనిషి తీశాడు. కంటికి భూతద్దం తగిలించుకుని ఉన్నాడు, తీయడం మర్చిపోయాడు. ఒక కన్ను చిన్నది, ఒక కన్ను గుడ్డంత. "రండి" అన్నాడు. ఆరేళ్లుగా ఈయనను తలుచుకున్నప్పుడల్లా పూలదండలతో నిలబడిన మనిషే గుర్తొచ్చేవాడు. ఇతను చాలా పెద్దవాడైపోయాడు. ఇల్లంతా అట్టపెట్టెలు, తాళ్లు కట్టి ఉన్నాయి.

అక్క కిటికీ పక్క మంచం మీద ఉంది. జుట్టు మొత్తం తెల్లబడింది.

"ఏరా బుడ్డోడా, కారు రేడియో బాగైందా?" అంది.

మా ఆవిడ గోడకేసి తిరిగి నవ్వుకుంది. మంగళవారమే అంతా చెప్పేసి ఉంటుంది. నేను దారంతా కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. జేబులోంచి రబ్బరు తొడుగు తీసి, స్టాండు కాలికి చుట్టిన గుడ్డ విప్పి, తొడిగాను. కింద కూర్చునే, అక్క మొహం చూడకుండానే అన్నాను.

"తప్పు మాట అన్నానక్కా ఆ రోజు. మెట్ల మీద."

"అన్నావు" అంది అక్క. "చాలా ఏడ్చాను. తర్వాత ఈయన వంట తిని ఆ ఏడుపు మర్చిపోయాను. అంత ఘోరంగా ఉంటుంది."

వాచీల మనిషి అప్పుడు భూతద్దం తీశాడు. ఆయన కూడా నవ్వుతున్నాడు.

భోజనం పెట్టారు. ఆయన వండిందే. అక్క చెప్పింది నిజమే. రెండుసార్లు పెట్టించుకున్నాను.

మూడు అవుతుండగా అక్క తలగడ పక్కనున్న చిన్న రేడియో పెట్టింది. గడగడా అతను. "రెండు నెలలుగా ఈయనే నాకు తోడు" అంది అక్క. "ఏం చెబుతాడో ఒక్క ముక్క అర్థం కాదు. మంచివాడిలాగే ఉన్నాడు. మరదలు కారులో ఉత్తరాలు వింటూ వస్తుంది, సగం ఉత్తరం విని నాకు చెబుతుంది. మిగతా సగం నేను కల్పించుకుంటాను."

గుట్ట అడ్డం. కానీ డాబా ఎక్కితే, గుట్ట భుజం పక్కన ఒక సందు ఉంటుంది. మన స్టేషన్ అక్కడి నుంచి వంగి రావచ్చు.

"బావా, వైరుందా?" అని అడిగాను.

అడిగాక గాని తెలియలేదు ఏమని పిలిచానో. ఆయనకు తెలిసింది. వైరు కోసం కట్టేసిన అట్టపెట్టెలు మూడు విప్పాడు, మొదటి పెట్టెలోనే ఉన్నా.

వైరు ఒక కొస రేడియోకి చుట్టి, కిటికీలోంచి బయటికి తీసి, నేను డాబా ఎక్కాను. ఎండ మండుతోంది. వైరు ఎత్తి పట్టుకున్నాను. కింద కిటికీలోంచి అక్క గొంతు.

"ఏమీ లేదురా. అతనే ఉన్నాడు."

అటు జరిగాను.

"గరగర."

ఇటు జరిగాను. గోడ అంచు దాకా వెళ్లి చెయ్యి ఇంకా పైకెత్తాను.

"ఇంకొంచెం పక్కకి. ఇంకొంచెం. ఆ, వచ్చింది. అక్కడే ఉండు. కదలకు."

ఉత్తరాలావిడ ఎవరిదో ఉత్తరం మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది. డాబా మీదికి మాటలు వినపడలేదు, ఆవిడ గొంతు ఒక్కటే వినపడింది. వైరును నీళ్ల గొట్టానికి కట్టి చూశాను. కట్టి వదలగానే అతను వచ్చేశాడు. నేను పట్టుకుంటే పోయాడు. అలా జరగడం మామూలే, పట్టుకున్న మనిషి ఒళ్లు కూడా ఏరియల్ అయిపోతుంది. పైకొచ్చిన బావకు ఆ మాట వివరించాను. ఆయన కిందికెళ్లి గొడుగు తెచ్చి నా తల మీద పట్టుకున్నాడు. నాలుగింటి వరకు ఇద్దరం అలాగే ఉన్నాం. చెయ్యి లాగేసింది. రెండో చేతికి మార్చుకుంటే గొంతు పోతుందేమోనని మార్చుకోలేదు. కళ్లు తుడుచుకోవడానికి ఒక చెయ్యి ఖాళీగా ఉంది, అది చాలింది.

షాపుకు వచ్చి ఇది రాస్తున్నాను. నాలుగో తారీఖు పేజీ తీసి ఖాళీలు నింపాను.

ఎక్కడ: గుట్ట వెనక, అక్క ఇంట్లో.
ఎంతకాలం నుంచి: ఆరేళ్ల నుంచి.

ఎల్లుండి పొద్దున తొమ్మిదింటికి వాళ్ల రైలు. స్టేషన్‌కి ఇంటి కారులో నేనే తీసుకెళుతున్నాను. మలుపు దాటేవరకు రేడియో రాదు, ఆ కాసేపు మాట్లాడుకోవాలి.